స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు స్వచ్ఛంద విరాళము

(మన సంఘము ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

వెనుక వరుసలో ఫోనులు చూసుకుంటూ కూర్చున్న చిరంజీవులకు ఆశీస్సులు.

పంచాంగ శ్రవణము అయినది. పచ్చడి పంచిపెట్టటము అయినది. వంటశాలవైపునుంచి పులిహోర తిరగమోత వాసన వస్తున్నది. ఇటువంటి సమయములో ఉపన్యాసమంటే సభవారికి ఎంత ఓర్పు కావాలో మాకు తెలుసు. కార్యదర్శిగారు మాకిచ్చిన వ్యవధి ఇరవై నిమిషములు. అంతకు మించము.

సిద్ధాంతిగారు ఇప్పుడే పన్నెండు రాశులకూ ఆదాయ వ్యయములు, రాజపూజ్య అవమానములు చదివి వినిపించారు. ఆదాయము 2, వ్యయము 14 అని వచ్చిన రాశివారు ఒకరి ముఖము ఒకరు చూసుకోవటము మేము గమనించాము. వారికి ఒక ఊరట చెబుతాము. లోకములో ఒక జాతి వస్తువు ఉన్నది. దాని జాతకములో ఏ సంవత్సరమైనా ఆదాయము 2, వ్యయము 14. రాజపూజ్యము మాత్రము మెండు. ప్రభుత్వములు, బ్యాంకులు, పెద్ద పెద్ద కంపెనీలు దానిని వాడుకుంటవి, పొగడుతవి. దాని పేరు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. మనబోటి కుటుంబములవారు దానికి ఏటా ఏదో కొంత ఇచ్చే అలవాటు చేసుకోవాలని అడగటానికే ఈ వేళ మీ ముందు నిలబడ్డాము.

మొదట పేరు సంగతి. ఇంగ్లీషువారికి ఈ పేరుతో ఒక చిక్కు వచ్చిపడింది. వారి భాషలో ఉచితమునకూ ‘ఫ్రీ’ అనే అంటారు, స్వేచ్ఛకూ ‘ఫ్రీ’ అనే అంటారు. రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికా దేశీయుడు 1983 సెప్టెంబరులో గ్నూ అనే పథకమును ప్రకటించాడు. కంప్యూటరు నడవటానికి కావలసిన ప్రోగ్రాములన్నీ కొత్తగా వ్రాస్తామనీ, వాటిని ఎవరైనా వాడుకోవచ్చుననీ, లోపల ఏమున్నదో చదువుకోవచ్చుననీ, మార్చుకోవచ్చుననీ, పదిమందికీ పంచవచ్చుననీ అన్నాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ స్థాపించాడు. అప్పటినుంచీ ‘నేను చెప్పేది ధర మాట కాదు నాయనా, స్వేచ్ఛ మాట’ అని నచ్చచెప్పటముతోనే ఆయనకు చాలా కాలము సరిపోయింది. మనకు ఆ ఇబ్బంది లేదు. తెలుగులో ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. వినగానే తేడా తెలుస్తుంది.

ఇందులో మరొక విశేషము ఉన్నది. ఆ తొలి రోజులలో స్టాల్‌మన్ తాను వ్రాసిన ఈమాక్స్ అనే ప్రోగ్రామును టేపుమీదికి ఎక్కించి 150 డాలర్లకు అమ్మేవాడు. కొన్నవాడు దానికి ఎన్ని ప్రతులైనా తీసుకోవచ్చును, ఊరంతా పంచవచ్చును. కనుక స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు పైకము అంటరానిదని దానిని పుట్టించినవారెవరూ అనలేదు. తరువాత ఇంటర్నెట్టు వచ్చింది. టేపుల అవసరము పోయింది, టేపుమీద వచ్చే డాలర్లూ పోయినవి. వ్రాసేవాడి ఇంటి అద్దె మాత్రము పోలేదు.

వేసవిలో మన ఊళ్ళలో చలివేంద్రములు పెడతారు. దాహముతో వచ్చినవాడిని నీది ఏ ఊరని అడగరు, పైకము అడగరు. నీళ్ళు త్రాగి, మొగము కడుక్కుని, తన దారిన తాను పోతాడు. అయితే ఆ కుండలు ఎవరో కొన్నారు. నీళ్ళు ఎవరో మోశారు. పొద్దున్నుంచి సాయంత్రముదాకా లోటా పట్టుకుని కూర్చున్న ముసలమ్మకు ఎవరో కూలి ఇస్తున్నారు. ఆ ‘ఎవరో’ మానుకున్న నాడు కుండ ఎండిపోతుంది. చలివేంద్రములో ఎండిన కుండ కంటికి కనిపిస్తుంది, చూసిన పుణ్యాత్ముడు ఎవరైనా నాలుగు బిందెలు పోయిస్తాడు. సాఫ్ట్‌వేరులో ఎండిన కుండ కనిపించదు. పైకి అంతా బాగానే ఉంటుంది. లోపల ఒక్క మనిషి, ఎక్కడో జర్మనీలోనో ఫిన్లాండులోనో, ఉద్యోగమునుంచి ఇంటికి వచ్చి రాత్రిపూట దానిని మరమ్మతు చేస్తూ ఉంటాడు. ఆయన విసిగి మానుకున్నాడన్న సంగతి మనకు తెలియటానికి ఏళ్ళు పడుతుంది.

మనకేమి సంబంధము, మనము కంప్యూటరు పండితులము కాముగదా అని కొందరు అనుకోవచ్చును. మీ జేబులలోని ఫోనులలో ఎక్కువ భాగము ఆండ్రాయిడువి. వాటి అడుగున ఉన్నది లినక్స్, 1991లో హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టినది. పాత సినిమా పాటలు ఏ పెట్టెలో వేసినా పలికించే వీఎల్‌సీ, పారిస్‌లో ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు ఆరంభించినది. ఇవి అందరికీ తెలిసినవే. మేము చెప్పదలచినది అంతకంటె మనకు దగ్గరది, మన అక్షరము సంగతి.

‘స్త్రీ’ అన్న మాట చూడండి. కంటికి ఒక్క అక్షరము. కంప్యూటరు దానిని ఆరు ముక్కలుగా దాచుకుంటుంది: స, ఒక పొల్లు, త, మరొక పొల్లు, ర, ఆ పైన దీర్ఘపు గుడి. ఆ ఆరింటిని తీసి, సకారము నెత్తిన గుడి పెట్టి, తవత్తును క్రిందికి దించి, రవత్తును సరిగా అమర్చి చూపాలి. బళ్ళో ఒజ్జలు బెత్తము పట్టుకుని నేర్పిన పని అది. ఆ పనిని ఈనాడు కోట్ల ఫోనులలో, ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో, లిబ్రెఆఫీస్‌లో చేస్తున్నది హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. మీ అమ్మాయి షోలాపూరునుంచి బరంపురములోని అమ్మమ్మకు తెలుగులో నాలుగు మాటలు వ్రాసి పంపితే, ఆ వత్తులు చెదరకుండా చేరటములో దాని చేయి ఉండటానికే అవకాశము ఎక్కువ. దాని పేరు విన్నవారు ఈ సభలో ఎందరో చేతులెత్తమని అడిగి మిమ్మల్ని ఇబ్బంది పెట్టము.

అక్షరముల అచ్చుల మాట కూడా అంతే. పోతన, వేమన అనే ఖతులను తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు తయారుచేసి ఉచితముగా ఇచ్చారు. సిలికానాంధ్రవారు గిడుగు, గురజాడ, సురవరము, మండలి, ధూర్జటి, పెద్దన మొదలైన పేర్లతో ఖతులను ఎవరైనా వాడుకోవటానికి విడుదల చేశారు. మన పెళ్ళి శుభలేఖలమీద, ఈ పందిరి ముందు కట్టిన గుడ్డమీద కనిపించే అక్షరములలో ఇవి ఎన్ని ఉన్నవో లెక్క చూస్తే ఆశ్చర్యము కలుగుతుంది. ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయటానికి 2006లో వీవెన్‌గారు లేఖిని అని ఒక సాధనము చేసి పెట్టారు. తెలుగు నాట కాక పొరుగు రాష్ట్రములలో పెరిగి, తెలుగు టైపు ఎన్నడూ నేర్వనివారు ఎందరో దానితోనే మొదటి ఉత్తరము వ్రాశారు.

ఇక్కడ కొంచెము ఆగి మన సంఘము అలమరలోని సంగతి ఒకటి చెప్పాలి. పాతిక సంవత్సరముల క్రిందటి మన సంచికలు కొన్ని కంప్యూటరు మీద కూర్చినవే. కాగితపు ప్రతులు చెదలు తినగా మిగిలినవి ఉన్నవి. కంప్యూటరు ఫైళ్ళు సీడీలమీద భద్రముగా ఉన్నవి. భద్రముగా ఉండి ఏమి లాభము? తెరిచి చూస్తే గీతలు, ఇంగ్లీషు అక్షరములు, అర్థము లేని చుక్కలు. ఆ రోజులలో ఒక్కొక్క వ్యాపారి ఒక్కొక్క రకము తెలుగు ఖతి అమ్మేవాడు. ఒకరి సంకేతము మరొకరికి అర్థము కాదు. మనవాళ్ళు కొన్న ఖతి కొత్త కంప్యూటర్లమీద పనిచేయదు. అమ్మిన వ్యాపారి ఎక్కడున్నాడో తెలియదు. లోపల ఏమున్నదో చూసి మార్చుకునే హక్కు మనకు లేదు. ఇచ్చిన పైకము తక్కువేమీ కాదు, కొందరైతే పైకమివ్వకుండా దొంగ ప్రతి వాడారు, అది మరొక కథ. షష్టిపూర్తులు చేసుకున్న పెద్దలు తమ చేతులతో వ్రాసిన జ్ఞాపకములు ఆ సీడీలలో తాళము వేసి ఉన్నవి, తాళపు చెవి మన దగ్గర లేదు.

ఇప్పుడు మన సంచికను కూర్చుతున్న యువకులు స్క్రైబస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వాడుతున్నారు. దానిలోనూ ఒకప్పుడు తెలుగు సరిగా వచ్చేది కాదు, వత్తులు ప్రక్కకు జరిగేవి. అది ఎలా బాగుపడిందో వింటే ముచ్చట వేస్తుంది. ఒమాన్ దేశములోని ఒక బృందమువారు తమ అరబ్బీ లిపి సరిగా రావటము లేదని స్క్రైబస్‌లో అక్షరములు అమర్చే భాగమును హార్ఫ్‌బజ్ ఆధారముగా తిరిగి వ్రాశారు. 2017లో వచ్చిన స్క్రైబస్‌లో అది చేరింది. అరబ్బీతో పాటు భారతీయ లిపులన్నీ బాగుపడ్డవి. మస్కటులో పోసిన నీళ్ళు మన పెరటిలో మొక్కకు అందినవి. తెలుగును చూసి ఏ కంపెనీ చేసిన పని కాదది. మనలాంటి చెదురుమదురు జనము కోసము లాభనష్టముల లెక్క చూసే వ్యాపారి ఎవడూ రాత్రి మేలుకోడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులోనైతే పూనుకునేవాడు ఒక్కడుంటే చాలును. అందుకనే దాని బాగోగులు ఊళ్ళో ఉన్న తెలుగువారికంటె ఊరు దాటిన తెలుగువారికి ఎక్కువ పట్టవలసినవి అని మా అభిప్రాయము.

ఇక పైకము లేకపోతే ఏమవుతుందో చెబుతాము. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అని ఒకటి ఉన్నది. మీరు బ్యాంకు లెక్క చూసుకునేటప్పుడు మీ రహస్యపు మాట దారిలో ఎవరికీ కనపడకుండా ముసుగు కప్పే పని దానిది. లోకములోని వెబ్‌సైట్లలో చాలా భాగము దానిమీద ఆధారపడి ఉన్నవి. 2014 ఏప్రిలులో దానిలో ఒక పెద్ద లోపము బయటపడింది. ‘హార్ట్‌బ్లీడ్’ అని, అంటే గుండె నెత్తురు కారటమని, దానికి పేరు పెట్టారు. రెండేళ్ళుగా ఆ రంధ్రము అక్కడే ఉన్నది, ఎవరూ చూడలేదు. ఎందుకు చూడలేదని విచారిస్తే తేలినదేమిటంటే, పూర్తికాలము దానిమీద పనిచేసేవాడు ఒక్కడే. దానికి ఏటా వస్తున్న విరాళములు సుమారు 2,000 డాలర్లు. మన ఉత్సవములో షామియానాకు, మైకు సెట్టుకు అయ్యే ఖర్చుతో పోల్చుకోవలసిన మొత్తమది. పత్రికలలో గగ్గోలు పుట్టిన తరువాత వారము రోజులలో సుమారు 9,000 డాలర్లు వచ్చినవి, చాలా మటుకు అయిదూ పదీ డాలర్ల చిన్న మొత్తములే. కోట్లు సంపాదించే కంపెనీలు ఆ తరువాత సిగ్గుపడి ఒక నిధి ఏర్పాటు చేసినవి. ముందుగా కదిలినది చిన్న చేతులే అని గుర్తు పెట్టుకోవాలి.

జర్మనీలో వెర్నర్ కోఖ్ అనే ఆయన 1997నుంచి జీఎన్‌యూపీజీ అనే ప్రోగ్రాము వ్రాస్తున్నాడు. ఉత్తరములకు లక్కముద్ర వేసినట్లు ఈమెయిలుకు వేసే సాధనమది. పత్రికా విలేకరులు దానిని నమ్ముకున్నారు. అమెరికా ప్రభుత్వ రహస్యములు బయటపెట్టిన స్నోడెన్ కూడా దానినే నమ్ముకున్నాడు. దానిమీద ఆయనకు 2001 మొదలు ఏటా వచ్చినది సగటున 25,000 డాలర్లు. ఆయనకు ఉన్న నైపుణ్యమునకు మరెక్కడైనా దానికి ఎన్నో రెట్లు వచ్చేవి. 2013లో ఇక మానివేసి వేరే ఉద్యోగము చూసుకుందామనుకున్నాడు. అప్పుడే స్నోడెన్ ఉదంతము బయటికి వచ్చింది, ఇది మానకూడని పని అని ఆగిపోయాడు. 2015 ఫిబ్రవరిలో ఒక పత్రిక ఆయన కష్టము వ్రాసింది. అది చదివినవారు ఒక్క రోజులో లక్ష డాలర్లకు పైగా పంపించారు. మంచి మాటే. అయితే మాకు తోచేదేమిటంటే, పత్రికకు ఎక్కనివారి గతి ఏమిటి?

పత్రికకు ఎక్కని మనిషి సంగతే ఎక్స్‌జడ్ కథ. ఫైళ్ళను కుదించి చిన్నవిగా చేసే చిన్న ప్రోగ్రాము అది. దానిని ఏళ్ళ తరబడి ఒక్క మనిషి జీతము లేకుండా చూసుకుంటున్నాడు. పని ఆలస్యమవుతున్నదని వాడుకునేవారు కొందరు ఆయనను రాపిడి పెట్టారు. ఆ సమయములో సాయము చేస్తానని ఒకడు వచ్చాడు. రెండేళ్ళకు పైగా వినయముగా పనిచేసి నమ్మకము సంపాదించి, 2024లో దానిలో దొంగదారి ఒకటి అమర్చాడు. లోకములోని కంప్యూటర్లలో ఎన్నింటికో అది పాకిపోయేదే. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన పని ఎప్పటికంటె అర సెకను ఆలస్యమవుతున్నదేమా అని ఆరా తీసి, మార్చి 29వ తేదీన ఆ గుట్టు రట్టు చేశాడు. పైకము ఉన్నంత మాత్రాన ఇది జరిగేది కాదని మేము అనము. కాని ఒంటరిగా అలసిపోయిన మనిషి గడపలోకే దొంగ సులువుగా వస్తాడు.

ఇంతవరకు చెప్పినవి నెత్తురు కారిన కథలు. పండుగపూట ఒక మంచి కథ చెప్పకపోతే దోషము. బ్లెండర్ అని బొమ్మల సినిమాలు తీయటానికి వాడే సాఫ్ట్‌వేరు ఉన్నది. అది మొదట హాలండు దేశములో ఒక కంపెనీ సొత్తు. 2002లో ఆ కంపెనీ మూతపడింది. సాఫ్ట్‌వేరు హక్కులు మదుపుదారుల చేతిలో ఉండిపోయినవి. దానిని పుట్టించిన టోన్ రూసెండాల్ వారి దగ్గరకు వెళ్ళి, ఎంత ఇస్తే దీనిని లోకానికి విడిచిపెడతారని అడిగాడు. లక్ష యూరోలన్నారు. ఆయన ఆ జులైలో వాడుకరులందరినీ చందా అడిగాడు. ఏడు వారములలో లక్షా పదివేల యూరోలు పోగయినవి. అక్టోబరులో బ్లెండర్ అందరి సొత్తయింది. చెరలో ఉన్న ఒక వస్తువును జనము చందాలు వేసుకుని విడిపించుకున్నారు. 2025 మార్చిలో ఆస్కార్ బహుమానము పొందిన ‘ఫ్లో’ అనే లాట్వియా బొమ్మల చిత్రము ఆ బ్లెండర్‌తోనే తీశారు. ఆనాడు పది యూరోలు పంపిన మనిషి ఎక్కడో కూర్చుని ఆ వార్త విని మీసము మెలివేసి ఉంటాడు.

లిబ్రెఆఫీస్‌కూ అటువంటిదే జరిగింది. జర్మనీ చట్టము ప్రకారము ధర్మసంస్థ స్థాపించటానికి మూలధనముగా 50,000 యూరోలు కావలసి, 2011 ఫిబ్రవరిలో విజ్ఞప్తి చేస్తే ఎనిమిది దినములలో వచ్చినవి. లేఖలు, లెక్కలు, మన సంఘము జమాఖర్చులు దానిమీదే వ్రాస్తున్నామని కోశాధికారిగారు సెలవిచ్చారు. ఆ జమాఖర్చులలో దాని పేర ఒక్క పద్దు కూడా లేదని కూడా ఆయనే నవ్వుతూ అన్నారు.

అడగటములో ఎంత మహిమ ఉన్నదో థండర్‌బర్డ్ చూస్తే తెలుస్తుంది. అది ఈమెయిలు చదువుకునే సాఫ్ట్‌వేరు. 2022 డిసెంబరులో దానిని తెరిచినవారికి అందులోనే ఒక విజ్ఞప్తి కనిపించేలా చేశారు. ఇష్టముంటే ఇవ్వండి, లేకుంటే మూసివేయండి అంతే. 2023లో 86 లక్షల డాలర్లు వచ్చినవి. ఇచ్చినవారు మూడు లక్షలకు పైగా జనము. వాడేవారు రెండు కోట్లు. అంటే నూటికి ఒకరిద్దరు ఇచ్చారు, తొంభై ఎనిమిది మంది ఇవ్వలేదు. ఆ ఒకరిద్దరి చేతనే బండి నడుస్తున్నది. మన సంఘము చందాల పుస్తకము చూసినవారికి ఈ నిష్పత్తి కొత్తగా ఏమీ ఉండదు.

దీనికి మరొక ప్రక్క కూడా ఉన్నది. అడగటము తెలిసినవారికి అందుతుంది, బిడియపడేవారికి అందదు. వికీపీడియాను నడిపే సంస్థకు దాతల ధర్మమా అని ఏటా పదిహేను కోట్ల డాలర్లకు పైగా వస్తున్నది. తెలుగు వికీపీడియా 2003నుంచి మనకు చేస్తున్న ఉపకారము గొప్పది, దానికి ఇవ్వవద్దని మేము ఎంతమాత్రము అనము. కాని మీ దగ్గర ఉన్నది రెండు వందల రూపాయలే అయితే, నిండు కుండలో పోయటముకంటె ఎండిన కుండ ఏదో వెదకి పోయండి అంటాము. వెదకటము కొంచెము శ్రమ. ఆ శ్రమ కూడా దానములో భాగమే.

కొన్ని ఆక్షేపణలు మేము వింటూ ఉంటాము. ‘ఇష్టముంటేనే ఇవ్వమన్నారు, ఇవ్వకపోతే తప్పేమిటి’ అనేది ఒకటి. తప్పేమీ లేదు. ఇవ్వలేని విద్యార్థి, చిన్న బడ్డీ కొట్టు పెట్టుకున్నవాడు తలవంచుకోనక్కరలేదు. వారు నిర్భయముగా వాడుకోవటానికే ఇది స్వేచ్ఛగా ఉన్నది. మేము అడుగుతున్నది నెలకు మూడు సినిమా చందాలు కడుతున్న ఇళ్ళవారిని. ‘గొప్ప గొప్ప కంపెనీలు వాడుకుంటున్నవి, వారినే ఇవ్వమనండి’ అనేది మరొకటి. న్యాయమే. కొందరు ఇస్తున్నారు కూడా. బెంగుళూరులోని జెరోధా కంపెనీవారు 2024 అక్టోబరులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పథకములకు ఏటా పది లక్షల డాలర్లు ఇవ్వటానికి నిధి ఒకటి ప్రకటించారు. సంతోషము. కాని కంపెనీవాడు తనకు పనికివచ్చే దానికే ముందుగా ఇస్తాడు. తెలుగు ఖతి, తెలుగు అక్షరదోషములు దిద్దే సాధనము ఆ వరుసలో ఎక్కడ నిలబడతవి? వాటికి మనమే దిక్కు.

మూడవది కొంచెము సున్నితమైనది. అయిదు వందలు పంపిన పెద్దమనిషి ఒకరు, ‘నేను చెప్పిన మార్పు ఇంకా చేయలేదేమి’ అని నిష్ఠూరపడటము విన్నాము. అన్నదానమునకు బియ్యమిచ్చినవాడు వంటవాడి గరిటె లాక్కోరాదు. ఇచ్చినది జరిగిన పనికి కృతజ్ఞతగా ఇచ్చామనుకుంటే ఆ నిష్ఠూరము ఉండదు. లోపము కనపడితే మర్యాదగా తెలియజేయవచ్చును, అది పైకమివ్వనివారికి కూడా ఉన్న హక్కే. తెలుగులోకి అనువాదము చేసి ఇవ్వటము కూడా మంచి సేవ. మన పిల్లలకు కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో కూడా వచ్చును గనుక రెండు భాషలకూ ఉపకరించగలరు. అయితే సేవ చేశాము గదా అని పైకము మాట మరచిపోకూడదు. కరెంటు బిల్లు అనువాదముతో తీరదు.

ఇక ఇచ్చే విధము. పదిచోట్ల పది రూపాయలు చల్లితే మధ్యలో కార్డు రుసుములే తినివేస్తవి. విదేశమునకు పంపేటప్పుడు మరీను. ఏడాదికి ఒకసారి, రెండు మూడు పేర్లు ఎంచుకుని, వాటికి ఇవ్వటము మేలు. నెలనెలా దానంతట అదే పోయే ఏర్పాటు 2021 అక్టోబరులో రిజర్వు బ్యాంకు నిబంధనలు మారిన తరువాత మన కార్డులతో తరచు ఆగిపోతున్నది. కనుక ఏడాదికొక్కసారి అనే పద్ధతే సుఖము. విదేశ సంస్థలకిచ్చిన దానికి ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు, అది ఆశించి ఇవ్వవద్దు. మన దేశములోనే ఉండి పనిచేసేవారూ ఉన్నారు. పుస్తకములు కంప్యూటరులో అమర్చుకునే కాలిబర్ అనే సాఫ్ట్‌వేరును 2006లో మొదలుపెట్టిన కోవిద్ గోయల్ భారతీయుడే. అటువంటివారి పుటలో విరాళమునకు దారి చూపి ఉంటుంది. ఆ దారినే వెళ్ళండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన లంకె నొక్కి ఇవ్వవద్దు, అసలు పేరుకు ఒక్క అక్షరము మార్చి పెట్టిన దొంగ పుటలు ఉంటవి. సంఘము పేర వసూలు చేసి విదేశములకు పంపటము చాలా నిబంధనలతో కూడిన పని గనుక దానికి మేము పూనుకోము. ఎవరి కార్డుతో వారు పంపుకోవలసినదే.

సంఘము చేయగలిగినది ఒకటి కార్యవర్గము ముందు పెట్టాము. సంచిక చివరి పుటలో అచ్చు వేసినవారి పేరు, కాగితము ఇచ్చినవారి పేరు వేస్తున్నాము. వాటి క్రింద ఈ సంచిక ఏ ఖతులతో, ఏ సాఫ్ట్‌వేరుతో కూర్చినదో కూడా వేయాలి. జమాఖర్చులలో పూలదండల పద్దు, మైకు పద్దు ఉన్నట్లే, నియమములు అనుమతించిన మేరకు మన దేశములోని తెలుగు సాఫ్ట్‌వేరు కృషికి ఒక పద్దు ఉండాలి. పూలదండలు రెండు తగ్గించుకున్నా వేదికమీది పెద్దలు కోపగించరని వారి ముఖములు చూస్తే తోస్తున్నది.

ద్వారము దగ్గర బల్లమీద ఒక కాగితము పెట్టించాము. తెలుగు వ్రాయటానికి, చదవటానికి మనము వాడుతున్న సాఫ్ట్‌వేర్ల పేర్లు, వాటి అసలు పుటల చిరునామాలు దానిమీద ఉన్నవి. వెనుక వరుసలోని చిరంజీవులు ఇద్దరు భోజనముల తరువాత అక్కడ కూర్చుంటారు. మీ ఫోనులో ఏమేమి ఉన్నవో, వాటిలో దేనికి విరాళము పంపవచ్చునో, ఎలా పంపాలో దగ్గరుండి చూపుతారు. కళ్ళజోడు మరచిపోకుండా తెచ్చుకోండి. విస్తళ్ళు వేస్తున్నారని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. సెలవు.